అపరాధ పరిశోధకుడు ఆరుద్ర

నరసాపురం రేవులో పంటెక్కి, వశిష్ఠ దాటి సఖినేటిపల్లి చేరేసరికి ఆరుద్రగారి కోసం ఇంతమంది కూర్చుని ఉండడం చూసి సంతోషం కలిగింది. ‘త్వమేవాహం’ కవిగా, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కర్తగా ఆయన మనకు తెలుసు. ఈ పూట హత్యలు, గూఢచారులు, నిధుల వేట రాసిన ఆరుద్రను గురించి చెబుతాను. పండితులు ఆ రాతల్ని పొట్టకూటి కింద కొట్టిపారేస్తారు. నేనలా అనుకోను.

1925 ఆగస్టు 31న పుట్టిన ఆరుద్ర (అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి) ‘బీదలపాట్లు’ నాటికి సినిమాల్లో అడుగుపెట్టారు. విక్టర్ హ్యూగో నవల ఆధారంగా తీసిన ఆ సినిమాలో ఒక పోలీసు ఒక మనిషిని ఏళ్ల తరబడి వెంటాడతాడు. డిటెక్టివ్ నవలలు మన రైల్వే స్టేషన్లలో వేడివేడిగా అమ్ముడైన రోజుల్లో ఆయనా ‘పలకల వెండిగ్లాసు’, ‘ఆనకట్ట మీద హత్య’ లాంటివి రాశారు. గోదావరి ఆనకట్ట నీళ్లతో పంట పండించుకునే మనకు ఆ రెండో పేరు చెవిన పడితే చాలు, పుస్తకం తెరవాలనిపిస్తుంది.

ఆ తర్వాత 1966లో ఆయన కథ రాసిన సినిమా ‘గూఢచారి 116’. జేమ్స్ బాండ్ మోజు ప్రపంచమంతా పాకిన కాలం. ‘తేనె మనసులు’లో స్కూటరు మీంచి కారు మీదికి దూకిన కుర్రాణ్ణి చూసి నిర్మాత డూండీ ఎంచుకున్నారంటారు. ఆ కుర్రాడే కృష్ణ. ఏజెంట్ 303 హత్యతో కథ మొదలవుతుంది. దాని దర్యాప్తు అందుకున్న ఏజెంట్ 116 ప్రేమించిన అమ్మాయి తండ్రి మీదికే అనుమానం మళ్లుతుంది. ఇదే నాకు బాగా నచ్చిన చోటు. బాండుకు ఇల్లూ వాకిలీ ఉండవు. ఆరుద్ర మాత్రం దర్యాప్తును పెళ్లి దాకా వచ్చిన ఇంట్లోకి తెచ్చిపెట్టారు. ఇక ప్రతి ఆధారమూ హీరోకి గెలుపే, గుండెకోత కూడా. మరుసటి ఏడాదే ఈ కథ జితేంద్రతో ‘ఫర్జ్’గా హిందీకి వెళ్లింది.

1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’. ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్ చిత్రాల ఊపును ఆయన అమరవీడు సంస్థానం నిధి చుట్టూ తిప్పారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా, రాజస్థాన్ ఇసుక. అది ‘ట్రెజర్ హంట్’గా ఇంగ్లీషులోకీ డబ్ అయింది.

ఇప్పుడు తేదీలు చూడండి. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వెలువడడం మొదలైంది 1965లో. అంటే పగలు శాసనాలు, తాళపత్రాలు, అవతారికలు జల్లెడ పట్టి ఏ కవి ఏ రాజు కాలంవాడో తేల్చిన మనిషే, అదే రోజుల్లో 303ని చంపిందెవరో తేల్చే కథ అల్లుతున్నారు. రెండు పనులకూ ఒకే బుద్ధి కావాలి. దొరికిన ఆధారాన్ని నమ్మాలి, దాన్ని ఇంకో ఆధారంతో కొట్టి చూడాలి, తొందరపడి ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు. చదరంగం మీద ఏకంగా పుస్తకమే రాసిన ఆయనకు ఎత్తు ముందే ఊహించడం అలవాటు. అందుకే ఆయన సాహిత్య చరిత్ర కథలా చదివిస్తుంది, ఆయన సినిమా కథలో ముడి వదులు కాదు.

1987లో ‘గురజాడ గురుపీఠం’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1998 జూన్ 4న ఆయన కన్నుమూశారు. ఈ సభలో ఉన్న అధ్యాపకులకు నాదొక విన్నపం. ఆరుద్ర మీద పరిశోధన చేయించేటప్పుడు ‘గూఢచారి 116’ సంభాషణల్ని కూడా పిల్లల చేతికివ్వండి.