వార్ధక్యములో చర్మ సంరక్షణ

వృద్ధాప్యమును గురించి మాట్లాడేటప్పుడు మనము చూపును, మోకాళ్ళను, రక్తపోటును తలుస్తాము. చర్మమును తలచేవారు అరుదు. ముఖముపై ముడుతలను చూసి, కాలధర్మమని ఊరుకుంటాము. కాని, శ్రోతలారా, రాత్రి నిద్ర పట్టినదా అని మీ ఇంటిలోని పెద్దవారిని ఒకసారి అడిగి చూడండి. ‘‘ఎక్కడి నిద్ర నాయనా, ఒళ్ళంతా ఒకటే దురద’’ అనేవారు చాలామంది ఉంటారు. ‘‘వయసు వచ్చినది కదా, తప్పుతుందా?’’ అని మనము ఆ మాటను తీసివేస్తాము. నిజమునకు ఈ బాధలో చాలా భాగము తప్పించదగినదే. కొంత భాగము మాత్రము ఆలస్యము చేయక వైద్యునికి చూపవలసినది. ఏది ఎటువంటిదో గుర్తించగలిగితే ఇంటివారు పెద్దలకు ఎంతో మేలు చేసినవారవుతారు.

చర్మమునకు సహజముగా కొంత నూనె, కొంత చెమట ఊరుతూ ఉంటాయి. వయసు పెరిగిన కొద్దీ ఆ రెండూ తగ్గుతాయి. పై పొర పలుచబడి, తేమను పట్టి ఉంచే శక్తి సన్నగిల్లుతుంది. వేసవిలో ఎండిన చెరువు నేల నెర్రెలు విచ్చినట్లు, మోకాలి క్రింది చర్మము పొలుసులు కట్టి సన్నని బీటలు వారుతుంది. దురదకు మూలము చాలామందిలో ఈ పొడితనమే. పుష్యమాసపు చలిగాలికి ఇది మరింత ముదురుతుంది.

దీనికి చికిత్స స్నానముతోనే మొదలు కావలెను. పెద్దలకు పొగలు క్రక్కే నీళ్ళంటే ప్రీతి. పోసుకున్నంతసేపు దురద అణగినట్లే ఉంటుంది, కాని ఆ వేడి మిగిలిన కొద్ది నూనెను కూడా కడిగివేస్తుంది. కనుక గోరువెచ్చని నీరు చాలును, స్నానము పది నిమిషములలో ముగియవలెను. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదములకు వాడితే సరిపోతుంది. పీచుతో గాని, గరుకు సున్నిపిండితో గాని ఒళ్ళు తోమరాదు. తుండుగుడ్డతో రుద్దక, అద్ది తుడిచి, ఒంటిపై తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని, వాజిలీను వంటి లేపనము గాని పలుచగా రాయవలెను. పొడి చర్మముపై రాసిన నూనె కంటె తడిమీద రాసినది తేమను బాగా నిలుపుతుంది. సువాసనలు కలిపిన లేపనములు కొందరికి పడవు. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, మెత్తని నూలు బట్టలు కట్టించుట మంచిది.

తలంటు స్నానము మానవలసిన పని లేదు. అయితే నూనె పాదములతో నున్నని గచ్చుపై నడిచి, జారి, తుంటి ఎముక విరుగగొట్టుకున్న వృద్ధులు ఉన్నారు. పీటపై కూర్చుండబెట్టి నీళ్ళు పోయవలెను.

ఈ విధముగా రెండు వారములు చేసినను దురద తగ్గకపోతే మరొక కారణము వెదకవలెను. దురద రాత్రివేళ హెచ్చుతున్నదా? వ్రేళ్ళ సందులలో, మణికట్టు వద్ద, నడుము చుట్టూ చిన్న పొక్కులు ఉన్నవా? ప్రక్కలో పడుకునే మనుమడు కూడ గోక్కుంటున్నాడా? అయితే అది గజ్జి కావచ్చును. కంటికి ఆనని ఒక పురుగు చర్మములో తొలుచుట వలన ఇది వస్తుంది. దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదికీ ఒకేనాడు మందు పట్టించవలెను. పక్కబట్టలను, కట్టు బట్టలను వేడినీటిలో ఉతికి ఎండవేయవలెను. ఒక్కరికే వైద్యము చేస్తే అది ఇంటిలోనే తిరుగుతూ ఉంటుంది.

ఒంటిపై ఏ పొక్కూ లేకుండ దురద మాత్రమే ఉన్నప్పుడు మూత్రపిండములు, కాలేయము, థైరాయిడ్ గ్రంథి, రక్తములోని ఇనుము - వీటిలో దేనిలోనైన లోపము ఉండవచ్చును. క్రొత్తగా వాడుతున్న మందు కూడ కారణము కావచ్చును. వైద్యుడు రక్తపరీక్ష చేయించి నిర్ణయిస్తాడు. అంతవరకు మందును తమంతట తాము మానరాదు.

ఇక దుకాణములో అడిగి తెచ్చుకునే లేపనముల సంగతి. వీటిలో అనేకము స్టెరాయిడ్ కలిసినవి. తామరపై రాస్తే రెండు రోజులు దురద అణగుతుంది. లోపల తామర మాత్రము ప్రాకుతూనే ఉంటుంది. నెలల తరబడి రాస్తే, అసలే పలుచనైన వృద్ధుల చర్మము కాగితమువలె చిరుగుతుంది.

అన్నిటికంటె త్వరపడవలసినది సర్పి. చిన్ననాడు వచ్చిన ఆటలమ్మ తగ్గిపోయినను, దాని క్రిములు నరముల మూలములలో అణగి ఉండి, వార్ధక్యములో బలము తగ్గినప్పుడు మరల లేస్తాయి. మొదట ఛాతీకో, నడుముకో, ముఖమునకో ఒక ప్రక్కనే మంట, పోటు కలుగుతాయి. కొద్ది రోజులకు ఆ ప్రక్కనే నీటి పొక్కులు పట్టీవలె లేస్తాయి. దీనికి మంత్రము వేయించి, ఎర్రమన్ను పూసి కాలము గడిపే ఇండ్లు నేటికీ ఉన్నాయి. పొక్కులు లేచిన 72 గంటల లోపల వైద్యుడు మందు ప్రారంభిస్తే వ్యాధి తొందరగా తగ్గుతుంది. పొక్కులు మానిన పిదప నెలల తరబడి వేధించే నరముల నొప్పి కొందరు వృద్ధులకు నిద్రాహారములు లేకుండ చేస్తుంది. నుదుటిపైన, ముక్కు కొనపైన, కంటి దగ్గర పొక్కులు లేస్తే చూపుకే ప్రమాదము. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవలెను. ఆటలమ్మ రాని గర్భిణులను, పసిపిల్లలను ఆ పొక్కులకు దూరముగా ఉంచవలెను. సర్పి రాకుండ కాపాడే టీకా ఇప్పుడు మన దేశములో 50 ఏండ్లు దాటినవారికి లభిస్తున్నది. దానిని గురించి వైద్యుని అడుగవచ్చును.

మంచము పట్టినవారిని రెండు గంటలకు ఒకసారి ప్రక్క మార్చి పడుకోబెట్టవలెను. తుంటి, మడమ, వెన్ను చివర చర్మము ఎర్రబడి, ప్రక్క మార్చినను ఆ ఎరుపు పోకపోతే అది పడకపుండునకు తొలిగుర్తు. ఆ చోటును మర్దన చేయరాదు. బరువు ఆనకుండ చూడవలెను. మధుమేహము ఉన్నవారి అరికాళ్ళను ప్రతిదినము పరిశీలించవలెను. వారు ఆనెలను బ్లేడుతో కోసుకొనరాదు. ఒక నెల గడిచినను మానని పుండు, రంగు గాని ఆకారము గాని మారుతున్న పుట్టుమచ్చ, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనబడితే వైద్యునికి చూపవలెను. స్పర్శ లేని మచ్చ కుష్ఠు కావచ్చును. దానికి ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితముగా ఇస్తారు. వాడితే పూర్తిగా నయమవుతుంది.

పెద్దలు ఈ బాధలను దాచుకుంటారు. నలుగురిలో గోక్కొనుట నామోషీ. కోడలితో చెప్పుకొనుటకు అత్తగారికి సిగ్గు. వైద్యము ఖర్చు కొడుకుపై పడుతుందని తండ్రికి బెంగ. వీపు వారికి కనబడదు, చేయి అందదు. కనుక వారానికి ఒకసారైనను మంచి వెలుతురులో వారి వీపును, పాదములను మనమే చూచి, నూనె రాయవలెను. దీనికి వెచ్చించే సమయము పావుగంట. చిన్నతనములో మనకు నూనె అంటి నీళ్ళు పోసిన చేతులకు ఆ పావుగంట మనము ఇవ్వలేనిది కాదు.

సెలవు.