జర్మనీలో దంపతుల పన్ను తరగతి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదికమీద నేను డి.ఏ. బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ గురించో మాట్లాడటం మీకు అలవాటే. ఈసారి కార్యదర్శిగారు, "మీ అమ్మాయి జర్మనీలో ఉంది కదా, అక్కడి పన్ను సంగతి చెప్పండి, మనవాళ్ల పిల్లలు కొందరు అక్కడే ఉన్నారు" అన్నారు. ముప్పై నాలుగేళ్లు జీతాల బిల్లులు రాసిన చెయ్యి గనుక సరేనన్నాను.

మన దేశంలో ఆదాయపు పన్ను దృష్టిలో భార్య వేరు, భర్త వేరు. ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్ను వారిది. (1955 బడ్జెట్‌లో పెళ్లయినవారికి రెండు వేల రూపాయల వరకు, కానివారికి వెయ్యి వరకు పన్ను లేదన్నారు. ఆ తేడా ఏనాడో పోయింది.) జర్మనీలో 1958 నుంచి దంపతుల ఆదాయాలు రెండూ కలిపి, అందులో సగానికి పన్ను లెక్కగట్టి, దాన్ని రెట్టింపు చేసే పద్ధతి ఉంది. ఇద్దరి జీతాల మధ్య తేడా ఎంత ఎక్కువైతే లాభం అంత ఎక్కువ.

ఇది ఏడాది చివరి లెక్క. నెలనెలా జీతంలో కోసే పన్నుకు మాత్రం 'స్టాయర్‌క్లాసె' అనే తరగతులు ఉన్నాయి. పెళ్లయి ఇద్దరూ అక్కడే ఉంటే, అడగకుండానే ఇద్దరినీ 4వ తరగతిలో వేస్తారు. కావాలంటే ఒకరు 3లోకి, ఇంకొకరు 5లోకి మారవచ్చు. 3లో ఉన్నవారికి ఇద్దరి పన్నులేని మొత్తమూ దక్కుతుంది. 2025లో అది మనిషికి 12,096 యూరోలు. 5లో ఉన్నవారికి అది సున్నా, కాబట్టి వారి జీతంలో కోత బాగా పెద్దది. ఇద్దరి జీతాలు 60, 40 పాళ్లలోనో అంతకుమించిన తేడాతోనో ఉంటే 3-5 మేలని అక్కడ చెప్పుకునే లెక్క.

మా అమ్మాయి, అల్లుడు కూడా స్నేహితుల మాట విని అలాగే పెట్టుకున్నారు. ఇంటికి వచ్చే మొత్తం పెరిగింది, నిజమే. కానీ అమ్మాయి ఫోనులో జీతం చీటీ చూపించినప్పుడు మా ఆవిడ, "ఇదేమిటండీ, దీని కష్టమంతా కోతలకే పోతోందా?" అంది. మామూలుగా నవ్వేసే మాటే గాని, అప్పటికి వాళ్లు పిల్లల గురించి ఆలోచిస్తున్నారు. అసలు విషయం అక్కడే ఉంది.

బిడ్డ పుట్టాక ఉద్యోగం మానుకొని ఇంట్లో ఉన్న తల్లికో తండ్రికో అక్కడి ప్రభుత్వం 'ఎల్టర్న్‌గెల్ట్' అనే భత్యం ఇస్తుంది. ప్రసవానికి ముందరి నికర జీతంలో సాధారణంగా 65 శాతం, నెలకు 300 యూరోలకు తగ్గకుండా, 1,800కు మించకుండా. మొత్తం జీతం మీద కాదు, నికర జీతం మీద! 5వ తరగతిలో నికరం 1,800 అయితే భత్యం 1,170. అదే మనిషికి 4లో నికరం 2,100 వస్తే 1,365. నెలకు 195 యూరోల తేడా. పన్నులో ఎక్కువ కోసింది ఏడాది చివర రిటర్నులో సర్దుబాటవుతుంది గాని, తగ్గిన భత్యం తిరిగి రాదు. ఉద్యోగం పోయినవారికిచ్చే భృతి కూడా నికరాన్నిబట్టే.

బిడ్డ కడుపున పడ్డాక తీరిగ్గా మారుద్దామంటే కుదరదు. ప్రసవానికి ఆరు వారాల ముందు మొదలయ్యే ప్రసూతి సెలవుకు వెనకటి పన్నెండు నెలల్లో ఎక్కువ నెలలు ఏ తరగతిలో ఉంటే దాన్నే లెక్కకు తీసుకుంటారు. అంటే కనీసం ఏడు నెలలు కొత్త తరగతిలో ఉండాలి. దరఖాస్తు పెట్టిన మరుసటి నెల నుంచే మార్పు అమలవుతుంది. కాబట్టి కబురు తెలిసిన వారమే కాగితం పెట్టాలి. మా వాళ్లు అంతకు ముందే 4-4కు మారారు. అల్లుడి చేతికి వచ్చేది తగ్గింది, నాలుగు రోజులు గొణిగాడు, ఆపైన సర్దుకున్నాడు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఒక్కటి గుర్తుంచుకోండి. 3-5 పెట్టుకోవడానికి ఇద్దరి సంతకాలూ కావాలి. దాన్ని వదలి 4-4కు రావడానికి 2018 నుంచి ఒక్కరి దరఖాస్తు చాలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2020 నుంచి ఏడాదిలో ఎన్నిసార్లయినా మారవచ్చు. ఆ ఏడాదికి వర్తించాలంటే నవంబరు 30లోగా 'ఫినాంట్స్‌ఆమ్ట్', అంటే పన్నుల ఆఫీసుకు, దరఖాస్తు అందాలి. ఆన్‌లైనులోనూ పంపవచ్చు.

ఇద్దరికీ న్యాయంగా ఉండే మధ్యేమార్గం ఒకటి 2010 నుంచి ఉంది. ఇద్దరూ 4లోనే ఉంటారు, కాని పన్నుల ఆఫీసు ఇద్దరి జీతాలూ చూసి ఒక గుణకం వేసి, కలిపి లెక్కిస్తే వచ్చే లాభాన్ని నెలనెలా ఇద్దరికీ పంచుతుంది. నాకు నచ్చింది ఇదే. 3-5లోనైనా గుణకంతోనైనా రిటర్ను వేయడం తప్పనిసరి. మరుసటి ఏడు జూలై 31 గడువు. 3-5 వాళ్లకు ఒక్కోసారి అప్పుడు బకాయి కట్టవలసి వస్తుంది.

"పెన్షను తగ్గుతుందా?" అని ఇందాక ఒక సోదరి అడిగారు. తగ్గదమ్మా. పెన్షను, ఆరోగ్య బీమా చందాలు మొత్తం జీతం మీద కోస్తారు, పన్ను తరగతితో సంబంధం లేదు.

భార్య ఇంకా ఇక్కడే ఉండి భర్త ఒక్కడే అక్కడ ఉంటే, పెళ్లయినా అతనిది 1వ తరగతే. ఆమె వెళ్లి అక్కడ నమోదు చేసుకున్నాకే మారుతుంది. దానికి వివాహ ధ్రువపత్రం, జర్మను అనువాదంతో సహా అడుగుతారు. గుళ్లో పెళ్లి ఫోటోలు, శుభలేఖ చూపిస్తే చెల్లవు. 2002 చట్టం వచ్చినా రిజిస్టరు చేయించనివాళ్లు మనలో ఇంకా ఉన్నారు. పిల్లలు సెలవుమీద ఇక్కడ ఉన్నప్పుడే ఆ పని పూర్తి చేయించి, పత్రం అసలు ప్రతిని వాళ్లతో పంపండి, జిరాక్సు మీ బీరువాలో పెట్టుకోండి.