ఓవెన్ మీద అంకె పడితే



మా అమ్మమ్మ దిబ్బరొట్టె కాల్చేటప్పుడు ఇత్తడి గిన్నె కింద నిప్పులు పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేది. ఇప్పటి కరెంటు ఓవెన్ చేసే పనీ అదే. పైనొకటి, కిందొకటి కడ్డీలు కాలి నడుమ ఉన్న పదార్థాన్ని రెండువైపులా కాలుస్తాయి. తేడా ఏమిటంటే, అమ్మమ్మ గిన్నె ఏ పొరపాటు జరిగినా మాడువాసనతో చెప్పేది. ఓవెనేమో ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కనొక అంకె చూపించి ఊరుకుంటుంది. "ఇ" పక్కన 1 అనో, "ఎఫ్" పక్కన 3 అనో పడేసరికి మనకు గుండె జారిపోతుంది.

ఈ అంకెలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒకటే అర్థం లేదు. ఒకదాంట్లో 3 అంటే తలుపు సరిగా పడలేదని కావచ్చు, ఇంకొకదాంట్లో వేడిని కొలిచే సెన్సారు పాడైందని కావచ్చు. కాబట్టి పక్కింటి వదినగారు చెప్పిన అర్థం మన ఓవెన్‌కు పనికిరాదు. దాంతో వచ్చిన పుస్తకమే చూడాలి. ఆ పుస్తకం ఎక్కడుంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అట్టపెట్టెతోపాటు అటకెక్కి ఉంటుంది!

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి కేకు చేస్తానని ఓవెన్ వేసింది. రెండు మూడు నిమిషాలు బాగానే నడిచి, అంకె పడి ఆగిపోయింది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అంతే. మావారు ఒక మెకానిక్కును పిలుచుకొచ్చారు. ఆయన పుస్తకం అడగలేదు, ప్లగ్గు చూడలేదు. "బోర్డు పోయిందమ్మా, 4,000 అవుతుంది" అన్నాడు. "ఆ అంకెకు అర్థమేమిటి బాబూ?" అంటే "అవన్నీ మీకెందుకమ్మా" అన్నాడు. బోర్డు సంగతేమోగాని, ఆ మాట నాకు పట్టుకుంది.

ఆయన్ను పంపించి, స్టూలేసుకుని పుస్తకం దించాను. నాది మెట్రిక్ నాటి ఇంగ్లీషు. కూడబలుక్కుంటూ చదివితే, మా ఓవెన్‌కు ఆ అంకె "కరెంటు తగినంత అందడం లేదు" అని చెబుతోందన్నమాట. కాని వంటింట్లో ఫ్యాను వేగం తగ్గలేదే! అంటే వీధి కరెంటు బాగానే ఉంది, తేడా ఇంకెక్కడో ఉంది. ప్లగ్గు దగ్గరికి వెళ్తే సన్నగా మాడువాసన. మెయిన్ ఆపించి లాగి చూశాను. ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ, సాకెట్టు కన్నం కరిగి సాగిపోయి ఉంది.

లెక్క చాలా చిన్నది. ఓవెన్ వెనక రేకు మీద 2000 వాట్లని రాసి ఉంది. ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. మేమేమో లావు పిన్నుల ప్లగ్గుకు అడాప్టరు తగిలించి 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టాం. పట్టు వదులై అక్కడే వేడెక్కుతోంది, అక్కడే వోల్టేజి పడిపోతోంది. 4,000 పోసి బోర్డు మార్పించి ఉంటే, ఆ సాకెట్టు అట్లాగే కాలుతూ ఉండేది. గ్యాసు గొట్టం దానికి జానెడు దూరంలో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు మెయిన్ నుంచి లావు వైరు వేరుగా లాగి, 16 ఆంపియర్ల సాకెట్టు వేసి, ఎర్తు సరిచూసి వెళ్లాడు. అంకె మళ్లీ పడలేదు.

అంకె పడగానే కంగారుగా ఆపేయకుండా క్యాలెండరు మీద రాసుకోండి. ఎన్ని నిమిషాలకు పడిందో కూడా రాయండి. వాసనో పొగో వస్తే మాత్రం రాతకోతలు తర్వాత, ముందు మెయిన్ ఆపాలి. లేకపోతే ఓవెన్ ఆపి, ప్లగ్గు తీసి, పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టి చూడండి. ఒకసారి పడి పోయిందంటే కరెంటు కుదుపు కావచ్చు. పదేపదే పడుతుంటే మీటలు నొక్కి దాని నోరు మూయించకండి.

తలుపు అంకె అయితే గొళ్లెం దగ్గర రొట్టెముక్క ఇరుక్కుందేమో చూడాలి. మీటల అంకె అయితే తడిచేయో నూనెచేయో కారణం కావచ్చు, పొడిగుడ్డతో తుడిచి చూడాలి. వేడి ఎక్కువైందన్న అంకె వస్తే వెనక గాలి ఆడుతోందో లేదో చూడాలి. రెంటచింతల ఎండలు మనకు కొత్తా? వేసవిలో ఓవెన్‌ను గోడకు ఆనించి పెడితే దానికీ ఊపిరాడదు. చల్లారాక కూడా అదే అంకె వస్తే, సెన్సారు అంకె వస్తే మెకానిక్కునే పిలవాలి. లోపలి వేడి ఎంతో తెలియకుండా అది కాలడం ప్రమాదం. ఇల్లంతటికీ కరెంటు తక్కువగా వస్తుంటే ఫోనులో 1912 కు చెప్పవచ్చు.

మైక్రోవేవ్ ఓవెన్ పైరేకు మాత్రం ఎంత తెలివిగలవాళ్లయినా ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు.

మా ఓవెన్ అంకెలన్నీ తెలుగులో రాసి అల్మారా తలుపుకు లోపలివైపు అంటించాను. మొన్న మిక్సీ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి అది చూసి, సెల్లుతో ఫొటో తీసుకుని వెళ్లాడు.