దేవుని ఎరుగుట

తెలుగున 'తెలియుట' వేరు, 'ఎరుగుట' వేరు. ఒక పెద్దమనిషిని గూర్చి మనము పత్రికలలో చదివి యుండవచ్చును. ఆయన ఊరును ఉద్యోగమును చెప్పగలము. అంతమాత్రమున ఆయనను ఎరుగుదుమని అనము. ఆయన గడప త్రొక్కి, కష్టసుఖములు చెప్పుకొన్న పిమ్మటనే ఆ మాట అనుటకు నోరు వచ్చును. యోహాను సువార్తలో నిత్యజీవమనగా నేమో చెప్పుచోట తెలుగు బైబిలు అనువాదకులు ఈ 'ఎరుగుట'నే వాడిరి. హెబ్రీ భాషలో ఇట్టి క్రియ 'యాద'. దంపతుల సాన్నిహిత్యమును తెలుపుటకును ఆ భాషలో ఇదే క్రియ. కావున క్రైస్తవ గ్రంథములలో దేవుని ఎరుగుట యనగా దేవుని గూర్చి నాలుగు సంగతులు నేర్చుట కాదు. ఆయనతో కలిసి బ్రదుకుట.

అట్టి బ్రదుకు ఎట్లుండును? యిర్మీయా ప్రవక్త ఒక తండ్రిని, ఒక కొడుకును చూపి దీనికి సమాధానము చెప్పినాడు.

క్రీస్తుకు పూర్వము 640 ప్రాంతమున యోషీయా ఎనిమిదేండ్ల బాలుడై యూదా రాజ్యమునకు రాజయ్యెను. ఆయన ఏలుబడి 18వ యేట, యెరూషలేము దేవాలయమును బాగుచేయుచుండగా ధర్మశాస్త్ర గ్రంథ మొకటి బయల్పడెను. లేఖకుడగు షాఫాను దానిని రాజు ఎదుట చదివెను. తమ పెద్దలు దాని ప్రకారము నడువలేదని గ్రహించి, రాజు తన వస్త్రములను చింపుకొనెను. అది ద్వితీయోపదేశకాండమునకు మూలరూపమని పెక్కుమంది పండితుల అభిప్రాయము. ఆ కాండములో ఒక విధి కలదు: బీదవాడగు కూలివానికి ఏనాటి కూలి ఆనాడే, ప్రొద్దు గ్రుంకక మునుపే చెల్లింపవలెను, వాని ప్రాణమంతయు ఆ కూలిమీదనే యుండును.

క్రీ. పూ. 609లో మెగిద్దోయొద్ద యోషీయా మరణించెను. కొలది మాసములకే ఐగుప్తు రాజు ఆయన కుమారుడగు యెహోయాకీమును సింహాసనమెక్కించి, నూరు తలాంతుల వెండియు ఒక తలాంతు బంగారమును కప్పము విధించెను. ఆ సొమ్మంతయు ప్రజలనుండియే వసూలయ్యెను. అట్టి దినములలో ఈ రాజు తనకొక నగరు కట్టించుకొనెను. మేడగదులు, వెడల్పు కిటికీలు, దేవదారు పలకలు, వానిపై ఇంగిలీకపు రంగు, అన్నియు అమరినవి. పనిచేసినవారికి కూలి మాత్రము లేదు.

యిర్మీయా అతనికి తండ్రిని జ్ఞప్తికి తెచ్చెను. యోషీయా సన్న్యాసి కాడు; అన్నపానములకు లోటులేక బ్రదికినవాడే. అయినను దీనుల వ్యాజ్యెమును న్యాయముగా తీర్చెను. దేవుని ఎరుగుట ఇదియే గదా యని ప్రవక్త నిలదీసెను. దేవుని ఎరిగినవాడు పిమ్మట న్యాయము చేయునని అతడు చెప్పలేదు. ఆ న్యాయము చేయుటయే ఎరుగుట యనినాడు.

ఆ కొడుకు వినకపోలేదు. అతని ఏలుబడి ఐదవ యేట, తొమ్మిదవ నెలలో, చలికాలపు నగరున కుంపటి మండుచుండగా, యిర్మీయా చెప్పి వ్రాయించిన గ్రంథపు చుట్టను అతని ఎదుట చదివిరి. మూడు నాలుగు పుటలు చదివినంతనే దానిని కత్తితో కోయించి నిప్పులలో వేయించెను. వలదని వేడుకొన్నవారిలో షాఫాను కుమారుడు గెమర్యా యొకడు. తండ్రి గ్రంథము విని వస్త్రమును చింపుకొనెను. కొడుకు గ్రంథమునే చింపెను. చెవులు ఇద్దరికిని కలవు. బారూకు మరియొక చుట్టపై ఆ మాటలనే తిరిగి వ్రాసెను. మరికొన్ని మాటలు చేరినవి.

అయినచో ప్రార్థనతో పనిలేదా యని సందేహము కలుగవచ్చును. యోషీయా దేవాలయమును బాగుచేసినవాడు, పస్కా పండుగను ఘనముగా జరిపించినవాడు. ఆరాధన ఆయనకు తక్కువ కాలేదు. కాని కూలి ఎగవేసిన నోటను ప్రార్థన నిలువదు. క్రొత్త నిబంధనయు ఈ త్రోవనే నడచినది. ప్రేమింపనివాడు దేవుని ఎరుగడని యోహాను మొదటి పత్రిక నిర్ణయించినది. పొలము కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి దేవునికి మొరపెట్టునని యాకోబు పత్రిక హెచ్చరించినది. గలతీయులకు వ్రాయుచు పౌలు, మీరు దేవుని ఎరిగినవారని యారంభించి, వెంటనే దిద్దుకొని, దేవునిచేత ఎరుగబడినవారని చెప్పెను. ఎరుగుట మన గొప్పతనము కాదు. మనలను ముందుగా ఎరిగినవాడొకడు కలడు. ఆ సంగతి మరచినవానికి ఎదుటివాని ముఖము కనబడదు.

ఈ ప్రసంగమును వ్రాయుటకు మేము కూర్చున్న సాయంకాలమున, మా ప్రహరీగోడ పనికి వచ్చిన కూలిమనిషి కూలికై నిలుచుండెను. చిల్లర లేదు, రేపు రమ్మంటిమి. మారుమాట లేక ఆమె వెడలిపోయెను. మరల వచ్చి కలము పట్టితిమి. బల్లమీద యిర్మీయా గ్రంథము తెరచియే యున్నది. కిటికీలో ఎండ పలుచబడుచున్నది. ప్రొద్దు గ్రుంకక మునుపే యని అప్పుడే వ్రాసియున్న వాక్యము మా చేతిక్రిందనే యున్నది. పొరుగింట చిల్లర తెచ్చుకొని వీధికి పరుగెత్తితిమి. ఇందు పుణ్యమేమియు లేదు, అది బాకీ. ఆమె మలుపు దాటుచుండెను. పిలువబోయి ఆగితిమి. మూడు దినములు మా గోడకు ఇసుక మోసిన ఆమె పేరు మాకు తెలియదు. కడకు "అమ్మా" యని పిలిచితిమి. కూలి చేతికిచ్చి, పేరడిగితిమి.