ఆ ఇంటి పిల్లలు మన ఊరి పిల్లలే
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఆగస్టు 9న మనం జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడుకుంటాం. మన గోండి భాష, మన దండారి, మన గుస్సాడి గురించి మాట్లాడుకుంటాం. ఇవన్నీ ఎవరి కోసం కాపాడుతున్నామో ఆ పిల్లల్లో కొందరు సొంత ఇంట్లోనే భయంతో బతుకుతున్నారు. తండ్రి తల్లిని కొడుతుంటే మూలన నక్కి చూసే పిల్లల గురించి ఈసారి మాట్లాడదలిచాం.

ఇది మన గూడేల్లోనే ఉన్న జబ్బు కాదు. పట్నాల్లో, పెద్ద చదువులు చదివిన ఇళ్లలోనూ ఉంది. అలాగని మన దగ్గర లేదని చెప్పలేం.

"పిల్లల్ని కొట్టలేదు కదా" అంటారు కొందరు. ఒంటి మీద దెబ్బ పడకపోయినా మనసు మీద పడుతుంది. రాత్రి నిద్ర పట్టదు, బడిలో పాఠం తలకెక్కదు. కొందరు తోటి పిల్లల్ని కొడతారు, కొందరు మాట్లాడటమే మానేస్తారు. అమ్మకు అడ్డం పోయి దెబ్బలు తినేవాళ్లూ ఉంటారు. ఆశ్రమ పాఠశాల పిల్లల్ని గమనించండి. దసరా సెలవులకు అందరూ సంచులు సర్దుకుంటుంటే ఒకరు దిగులుగా కూర్చుంటారు. ఇంకొకరు సెలవులు అయిపోయినా బడికి రానంటారు. తను లేనప్పుడు అమ్మకు ఏమవుతుందోనని వాళ్ల బెంగ. బడి ఎగ్గొడుతున్నారని తిట్టే ముందు, పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి.

మనకు పటేల్ ఉన్నారు, రాయ్ సెంటర్ ఉంది. పెద్దలు కూర్చుని, తప్పు కట్టించి, మొగుడూ పెళ్లాల్ని కలిపి పంపుతారు. ఆ పద్ధతిని మేము గౌరవిస్తాం. కానీ ఆ పంచాయతీలో పిల్లల మాట ఎవరు ఎత్తుతున్నారు? ఈ రాత్రి వాళ్లు ఎక్కడ పడుకుంటారు, మళ్లీ గొడవైతే ఎవరింటికి పోవాలి? ఆ ప్రశ్నలు మీరు అడగాలి. వినయంగానే అడగండి. గాయాలైన చోట, ప్రాణానికి ముప్పున్న చోట రాజీతో సరిపెట్టకూడదు.

తాగుడు మీద తప్పు నెట్టి ఊరుకోవడమూ మానాలి. దేవతకు ఇప్పసారా పెట్టడం మన ఆచారం. తాగొచ్చి ఆలిబిడ్డల్ని కొట్టమని ఏ దేవతా చెప్పలేదు.

చట్టం కూడా మనకు అండగా ఉంది. 2005 గృహహింస చట్టం కింద, హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. కొట్టేవాడు పిల్లల బడి దగ్గరికి రాకూడదని, పిల్లలు తాత్కాలికంగా తల్లి దగ్గరే ఉండాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. భర్త ఇంట్లో ఉండే హక్కు తల్లికి ఉంది. పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్లే హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

మరి మీరు చేయాల్సింది ఏమిటి? తాగినవాడి మీదికి ఒంటరిగా పోకండి. మీకూ ముప్పే, ఆ కోపం తర్వాత తల్లి మీదే తీరుతుంది. నలుగురు కలిసి పోయి, ముందు పిల్లల్ని, తల్లిని బయటికి తీసుకురండి. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, ప్రమాదం ముంచుకొస్తే 112 నొక్కండి. ఈ మూడూ రాత్రీ పగలూ పనిచేస్తాయి. సిగ్నల్ గుట్ట మీదే దొరికే గూడేల్లో ఎవరు పోయి ఫోన్ చేయాలో ముందే అనుకోండి. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు, బడిలో పంతులుకు చెప్పండి. పిల్లల ఫోటో, పేరు మాత్రం వాట్సాప్‌లో పెట్టకండి. అది వాళ్లను రెండోసారి గాయపరుస్తుంది, చట్టరీత్యా కూడా తప్పు.

పిల్లలు మీతో చెప్పుకుంటే నమ్మండి. "ఇందులో నీ తప్పేం లేదు" అని వాళ్ల భాషలో చెప్పండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. సాయం చేయగల పెద్దవాళ్లకు చెప్పక తప్పదు.

దండారి కట్టుకుని పొరుగూరు పోతే మనల్ని ఊరంతా కలిసి ఆదరిస్తుంది. అర్ధరాత్రి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన పిల్లలకూ అదే ఆదరణ దొరకాలి. ప్రతి గూడెంలో ఏ వేళైనా వాళ్లు తట్టగలిగే రెండు మూడు ఇళ్లు ఉండాలి. అవి ఏ ఇళ్లో పిల్లలందరికీ తెలియాలి. ఈ వారమే మీ ఊళ్లో కూర్చుని ఆ ఇళ్లను ఎంచుకోండి.

జై సేవా. జై ఆదివాసీ.