ఇంటి అప్పు తీరిన తరువాత

(మహిళా శ్రోతల కోసం ప్రసారమైన ప్రసంగ పాఠం)



పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో నెలనెలా వాయిదాలు కట్టి, ఆఖరి వాయిదా కూడా చెల్లించిన రోజు ఏ ఇంట్లోనైనా పండుగే. పాయసం వండుకుంటాం, దేవుడికి కొబ్బరికాయ కొట్టుకుంటాం. "హమ్మయ్య, ఇక ఈ ఇల్లు మనదే" అనుకుంటాం. నిజమే. కాని డబ్బు చెల్లించడం ఒక ఎత్తు, చెల్లించినట్టు కాగితాల మీద కనిపించడం మరొక ఎత్తు. ఆ సంగతే ఈ రోజు ముచ్చటించుకుందాం.

మొట్టమొదట అడగవలసినవి రెండు: ఇక బాకీ ఏమీ లేదని బ్యాంకువారిచ్చే ధ్రువపత్రం, తాకట్టులో ఉన్న అసలు దస్తావేజులు. "రేపు రండి, మాపు రండి" అంటే ఊరుకోనక్కరలేదు. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలోగా దస్తావేజులన్నీ తిరిగి ఇవ్వాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. కాగితాలు వారి దగ్గర పోయినా, పాడైనా, నకళ్లు తెప్పించుకోవడానికి సాయపడి, ఖర్చు కూడా వారే భరించాలి. అప్పు తీసుకున్నవారు మరణిస్తే వారసులకు ఎలా అందజేస్తారో ముందే ఒక పద్ధతి ఏర్పరచుకోవాలి. ఇంటాయన పేర ఉన్న అప్పు గురించి ఇల్లాలు తప్పక తెలుసుకోవలసిన విషయమిది.

దస్తావేజులు బీరువాలోకి చేరగానే సరిపోదు. తాకట్టు రిజిస్టరయి ఉంటే, రిజిస్ట్రారు కార్యాలయంలో కూడా అది రద్దు కావాలి. కొత్తగా ఒక ఈసీ తీయించి చూసుకోండి. పాత తాకట్టు రద్దయినట్టు అందులో కనబడకపోతే, రేపు ఇల్లు అమ్మబోయినా, పిల్లలకు రాసివ్వబోయినా చిక్కే.

ఇక పరపతి మాట. పూర్వం ఫలానావారింటి మాట చెబితే చాలు, కొట్టువాడు ఖాతా రాసుకునేవాడు. ఇప్పుడు ఆ మంచిపేరును అంకెల్లో లెక్కగడుతున్నారు. మనందరి నోటా నలిగిన సిబిల్ సంస్థ 2000లో ఏర్పడింది. ఇటువంటివి మన దేశంలో నాలుగున్నాయి. మనం ఎప్పుడు ఎంత అప్పు తీసుకున్నాం, వాయిదాలు సకాలంలో కట్టామా లేదా అన్నది బ్యాంకులు వీటికి తెలియజేస్తాయి. దాన్నిబట్టి 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తారు.

ఇంటి అప్పు తీరాక ఆ మార్కులు కాస్త తగ్గితే కొందరు కంగారుపడతారు. "బాకీ తీర్చినందుకు ఇదా బహుమానం?" అంటారు. క్రమంగా నడుస్తున్న పెద్ద ఖాతా మూతబడి, క్రెడిట్ కార్డులాంటిదొకటే మిగిలినప్పుడు లెక్క కొంచెం మారవచ్చు. భయపడనక్కరలేదు. ఇన్నేళ్లు సక్రమంగా కట్టిన చరిత్ర ఎక్కడికీ పోదు. కార్డు ఉంటే పరిమితి అంచుదాకా వాడకుండా, గడువులోగా కట్టేస్తే చాలు. మార్కుల కోసం అవసరం లేని అప్పు తేవడం మాత్రం, గోడకు వేలాడదీసిన బొమ్మ కోసం ఇల్లు కట్టుకోవడంలాంటిదే.

ఇక్కడ మనకు సంబంధించిన ముఖ్యమైన మాట ఒకటుంది. ఇంటి అప్పు కాగితాల మీద భార్యాభర్తలిద్దరూ సంతకం చేసివుంటే, వాయిదాలు భర్త జీతంలోంచే వెళ్లినా, ఆ చరిత్ర ఇద్దరి పేరా నమోదవుతుంది. సక్రమంగా కడితే మంచిపేరు మీకూ వస్తుంది. తప్పితే మచ్చ మీకూ పడుతుంది. "నాకేం తెలుసండీ, ఆయన పెట్టమంటే పెట్టాను" అంటే లెక్క మారదు. అందుకని మీ పేర ఉన్న నివేదిక మీరే తెప్పించుకోండి. ఏడాదికొకసారి ఒక్కొక్క సంస్థ నుంచి ఉచితంగా ఇస్తారు. మన నివేదిక మనం చూసుకుంటే మార్కులు తగ్గవు. ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో అప్పుకు దరఖాస్తు పెడితే తగ్గవచ్చు.

నివేదికలో ఇంటి అప్పు 'క్లోజ్డ్' అని ఉండాలి. 'సెటిల్డ్' అని ఉంటే, పూర్తిగా కట్టకుండా రాజీపడ్డారని అర్థం. పైసాతో సహా కట్టినా అలా పడితే వెంటనే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. బ్యాంకు పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. రుసుము లేదు.

ఇంటి అప్పు తీరీతీరగానే ఫోన్లు మోగడం మొదలవుతుంది. "మేడమ్, మీ ఇంటి మీద మళ్లీ అప్పిస్తాం" అంటారు. అమ్మాయి పెళ్లో, అబ్బాయి చదువో ఉంటుంది, కాదనలేం. ఇంటి మీద తీసుకునే అప్పుకు మామూలుగా చేబదులు అప్పు కంటే వడ్డీ తక్కువే. కాని ఒక లెక్క వేసి చూడండి. 10 లక్షలు నూటికి ఏడాదికి 10 వడ్డీకి 15 ఏళ్లకు తీసుకుంటే, నెలకు 10,746 రూపాయలు. తేలికే అనిపిస్తుంది. మొత్తం కట్టేసరికి వడ్డీయే 9 లక్షల 34 వేలు దాటుతుంది! అదే 5 ఏళ్లలో తీర్చేస్తే నెలకు 21,247 కట్టాలి గాని, వడ్డీ 2 లక్షల 75 వేలతో సరిపోతుంది. వాయిదా ఎంతో అడిగి ఊరుకోకండి, మొత్తం ఎంతో అడగండి.

మరొకటి. ఇంటిని తాకట్టు పెట్టాక బాకీ మొండిబాకీగా మారితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. ఇన్నేళ్లు కడుపు కట్టుకుని విడిపించుకున్న ఇల్లు కదా. రెండు రోజుల విందు కోసం దాన్ని మళ్లీ తాకట్టు పెట్టాలా అని ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి. తప్పదనుకుంటే అవసరమైనంతే తీసుకోండి. సంతకం పెట్టమని కాగితాలు మీ ముందుకు వస్తే, చదివి, అడిగి, అర్థమయ్యాకే పెట్టండి.

ఇల్లు నిలబెట్టే ఇల్లాలికి ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో, వాటిలో ఏముందో తెలిసివుండడం గొప్ప ధైర్యం. ఆ ధైర్యం మీకందరికీ కలగాలని కోరుకుంటున్నాను.