విదేశీ చదువు, వీసా, మన సంతకం



ఇదివరకు మన ఇళ్ళలో పిల్లవాడు పై చదువుకు వెళుతున్నాడంటే వాల్తేరో, వరంగల్లో, మహా దూరమైతే ఖరగ్‌పూరో అనుకునేవాళ్ళం. ఇప్పుడు అపార్టుమెంటులో ఏ తలుపు తట్టినా ఒక అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నారనో, రేపో మాపో వెళ్ళబోతున్నారనో వింటున్నాం. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని లెక్క తేలింది. వారిలో మన తెలుగుపిల్లలు తక్కువేమీ లేరు.

పిల్లలు వెళ్ళడం మంచిదా, కాదా అనే చర్చ ఇవాళ పెట్టుకోను. వెళ్ళాలని నిశ్చయమైన ఇంట్లో ఇల్లాలు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. "అవన్నీ వాళ్ళ నాన్నగారూ, కన్సల్టెన్సీవాళ్ళూ చూసుకుంటార్లెండి, నాకేం తెలుసు?" అంటాం మనం. కానీ అప్పు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం మనల్నే పిలుస్తారు. ఇల్లు మన పేర ఉంటే ఆ దస్తావేజులూ మన చేతిమీదుగానే వెళతాయి. సంతకం మనదైనప్పుడు సంగతీ మనకు తెలియాలి కదా!

ముందు వరుస చెప్తాను. సీటు ఇచ్చిన యూనివర్సిటీ ఐ-20 అనే పత్రం పంపుతుంది. అందులో పిల్లవాడి పేరు, కోర్సు, చదువు మొదలయ్యే తేదీతో పాటు మొదటి సంవత్సరం ఫీజుకూ, తిండికీ, ఉండడానికీ ఎంతవుతుందో వేసి ఉంటుంది. ఆ అంకెను మీరూ ఒకసారి కళ్ళారా చూడండి. తరవాత కథంతా దాని చుట్టూ తిరుగుతుంది. ఐ-20 వచ్చాక సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు కట్టాలి. ఈ ఫీజులు మారుతూ ఉంటాయి కనుక కట్టేముందు సరిచూసుకోవాలి. వీసా రాకపోతే దరఖాస్తు ఫీజు తిరిగి ఇవ్వరు. సెవిస్ ఫీజు మాత్రం పన్నెండు నెలల్లోపు అదే రకం వీసాకు మళ్ళీ వెళితే రెండోసారి కట్టనక్కరలేదు. డీఎస్-160 అనే దరఖాస్తు కంప్యూటర్లో నింపాలి. ఆ పైన వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఒక రోజు.

ఆ దరఖాస్తును కన్సల్టెన్సీవాళ్ళు నింపినా, "ఇందులోదంతా నిజం" అని ఒప్పుకునేది మన పిల్లవాడే. పంపేముందు ప్రతి గడీ వాడే చదువుకోవాలి. "వాళ్ళు నింపారండీ, నాకు తెలియదు" అంటే అక్కడ చెల్లదు.

ఇక పేరు సంగతి. ఇది మన తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్ కార్డులో ముందు ఉంటుంది, డిగ్రీలో వెనక ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకేచోట రాయించినవాళ్ళూ ఉన్నారు. అలాంటివాళ్ళకు వీసాలో సొంతపేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని అర్థం. కన్నతల్లి ముచ్చటపడి పెట్టుకున్న పేరు అక్కడ తెలియనిదైపోతుంది! బ్యాంకులోనూ, కాలేజీలోనూ దాంతో ఇబ్బందులే. కాబట్టి పిల్లలు ఇంజినీరింగు మూడో ఏట ఉండగానే బీరువాలోని సర్టిఫికెట్లన్నీ తీసి, పాస్‌పోర్టు పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అప్పుడే సరిచేయించండి. సీటు వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగడానికి వ్యవధి ఉండదు.

ఇంటర్వ్యూ అంటే పిల్లలకన్నా మనకే ఎక్కువ దడ. ఒకప్పుడు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళి ఆ కాన్సులేటు ముందు నిలబడేవారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికన్ కాన్సులేట్ మొదలైంది, 2023లో నానక్‌రాంగూడ కొత్త భవనానికి మారింది. ఊరు దగ్గరైంది కానీ గుండెదడ తగ్గలేదు. చిలుకూరు బాలాజీకి వీసా బాలాజీ అని పేరు వచ్చింది అందుకే కదా! పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, కోరిక తీరాక నూట ఎనిమిది చేస్తారు. చేయండి, తప్పేముంది? అయితే ప్రదక్షిణలు చేసే ఆ పూట కాగితాలు కూడా ఒకసారి సరిచూసుకోవాలి.

ఇంటర్వ్యూ చాలామందికి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఈ యూనివర్సిటీయే ఎందుకు? ఈ కోర్సే ఎందుకు? ఖర్చు ఎవరు పెడతారు? చదువయ్యాక ఏం చేస్తావు? ఇవే ప్రశ్నలు అటూ ఇటూ మార్చి అడుగుతారు. మన పిల్లలేమో వీటికి జవాబులు ఎక్కాల్లా బట్టీ పట్టేస్తారు. ఒకే కన్సల్టెన్సీలో తయారైన పదిమందీ ఒకే వాక్యం అప్పజెబితే ఆ ఆఫీసరుకు తెలియదా? వంటింట్లో మీరు కూర తరుగుతూ, "ఏరా, నువ్వు చదవబోయేదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు" అని అడగండి. అమ్మకు విప్పి చెప్పగలిగినవాడు ఎవరికైనా చెప్పగలడు. తడబడితే ఇంకా తనకే తెలియలేదన్నమాట.

ఇక్కడ అమెరికావారి చట్టంలోని ఒక ముక్క తెలుసుకోవాలి. 1952 నాటి వలస చట్టంలో 214-బి అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం, వచ్చిన ప్రతి విద్యార్థినీ "ఇతను ఇక్కడే స్థిరపడిపోయేవాడు" అని ముందుగా అనుకుంటారు. కాదని చూపించుకోవలసిన భారం విద్యార్థిదే. వీసా నిరాకరణలు చాలావరకు ఈ సెక్షన్ కిందే జరుగుతాయి. మనమేమో ఇంటికొచ్చిన ప్రతి చుట్టంతోనూ, "ఇంకేముందండీ, వెళితే అక్కడే సెటిలవుతాడు" అని మురిసిపోతూ చెప్తాం. ఆ మాటే పిల్లవాడి మనసులో నాటుకుంటుంది. ఇంటి మాట ఒకటి, కిటికీ దగ్గర మాట ఇంకొకటి అయితే గొంతులోనే తెలిసిపోతుంది. చదువయ్యాక ఏం చెయ్యాలని ఉందో, ఇక్కడ వాడికి ఏం పని దొరకగలదో ఇంట్లో ముందే నింపాదిగా మాట్లాడుకోవడం మంచిది.

మరో సంగతి. 2025 జూన్‌లో విద్యార్థి వీసా అడిగేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలని ఆదేశం వచ్చింది. సరదాకి రాసిన వెటకారాలూ అందులో ఉంటాయి. పిల్లలకు ఈ మాట చెప్పి ఉంచండి.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వస్తాను. ఐ-20లో వేసిన ఖర్చుకు సరిపడా సొమ్ము ఉన్నదని చూపాలి. బ్యాంకు నిల్వ కావచ్చు, మంజూరైన విద్యారుణం కావచ్చు. లేనివాళ్ళకు కొందరు దళారులు ఒక ఉపాయం చెప్తారు. కమీషన్ తీసుకుని కొన్నాళ్ళపాటు మన ఖాతాలో డబ్బు వేసి, వీసా అయ్యాక తీసేసుకుంటారట. లేదా బ్యాంకు కాగితమే దొంగది తయారుచేస్తారట. మా కాలనీలో ఒక ఇంటికి ఇలాంటివాడే వచ్చాడు. ఇంటాయన దాదాపు ఒప్పుకున్నారు. ఆవిడ మాత్రం కాఫీ గ్లాసులు తీస్తూ, "అన్నయ్యగారూ, ఆ డబ్బు తీసేసుకున్నాక రెండో సెమిస్టరు ఫీజు ఎవరు కడతారండీ?" అని అడిగిందట. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది అబ్బాయి వెళ్ళలేదు. తల్లితో రెండు నెలలు సరిగా మాట్లాడలేదు కూడా. మరుసటి ఏడు ఫీజు తక్కువున్న వేరే యూనివర్సిటీలో సీటు తెచ్చుకుని, నిజమైన లోను కాగితంతో వెళ్ళాడు. ఏడాది ఆలస్యమైంది, అంతే. దొంగ కాగితం పట్టుబడి ఉంటే అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోయేది. మోసపు పత్రాలకు వాళ్ళ చట్టంలో ఉన్న శిక్ష అది.

కాలేజీ కూడా అసలైనదో కాదో చూడాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూసేశారు. అక్కడ చేరినవాళ్ళలో ఎంతోమంది మన తెలుగుపిల్లలే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. ఆ ఫోటోలు చూసి ఏ తల్లి కడుపు తరుక్కుపోలేదు? 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఇంకొకటి. అది వలస అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. తరగతులు లేకుండా పేరుకు చేరి ఉద్యోగాలు చేసుకుంటున్న 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. కాబట్టి తరగతులు జరుగుతాయా, అనుమతి పొందిన కాలేజీల జాబితాలో ఆ పేరుందా అని అమెరికా ప్రభుత్వపు వెబ్‌సైట్లో మీ అబ్బాయితోనే చూపించుకోండి. "అక్కడ పార్ట్‌టైం చేసుకుని ఫీజు కట్టేసుకుంటాడు" అనే మాట నమ్మకండి. చదువు రోజుల్లో క్యాంపస్‌లోపల వారానికి 20 గంటలు మాత్రమే పని చెయ్యవచ్చు. బయట హోటళ్ళలో, పెట్రోలు బంకుల్లో చాటుగా చేస్తే వీసాకే ఎసరు.

అప్పు విషయంలో మూడు మాటలు. పెద్ద మొత్తాలకు ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఇల్లో, స్థలమో తాకట్టు అడుగుతాయి. వాయిదాలు చదువయ్యాక మొదలైనా వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజునుంచే లెక్క. పైగా అప్పు రూపాయల్లో, ఫీజు డాలర్లలో. డాలరు పెరిగినప్పుడల్లా మన లెక్క తప్పుతుంది. సంతకానికి ముందు మేనేజరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: "మా అబ్బాయికి ఏడాదిపాటు ఉద్యోగం రాకపోతే నెలకు మేమెంత కట్టాలండీ?" ఆయన చెప్పిన అంకెను మీ ఇంటి పద్దు పక్కన వేసి చూడండి. కట్టగలమనిపిస్తే ధైర్యంగా సంతకం పెట్టండి.

ఇంట్లో ఆడపిల్ల కూడా ఉంటే ఇంకొక లెక్క వేసుకోవాలి. ఉన్న ఒక్క ఇల్లూ అన్న చదువుకే తాకట్టుకు పోతే చెల్లెలి చదువు మాటేమిటి? "దానికి పెళ్ళి చేస్తే చాలు" అనే రోజులు పోయాయి. ఆ మాట ఇంట్లో అడగగలిగేది మనమే.

ఆఖరుగా ఒక ముఖ్యమైన మాట. ఆఫీసరు పాస్‌పోర్టు ఉంచుకుంటే సాధారణంగా శుభవార్తే. తిరిగి చేతిలో పెడితే బెంగ పడకండి. 214-బి అంటే శాశ్వత నిషేధం కాదు. అప్పీలు లేదు కానీ, పరిస్థితిలో మార్పు ఉంటే మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. 221-జి అన్న కాగితం ఇస్తే ఇంకా పత్రాలో, పరిశీలనో మిగిలి ఉందని అర్థం. కాన్సులేట్ లోపలికి మనల్ని రానివ్వరు. బయట ఎండలో నిలబడే ఉంటాం. బయటికి వచ్చిన బిడ్డ మొదట చూసేది మన ముఖమే. ఆ క్షణంలో "పక్కింటివాడికి వచ్చింది, నీకెందుకు రాలేదు?" అన్నామా, ఆ గాయం మానదు. ఇంటర్వ్యూ తేదీని చుట్టాలందరికీ చాటకుండా ఉంటే, సాయంత్రం నలభై ఫోన్లకు జవాబు చెప్పే బాధ కూడా తప్పుతుంది. ముందు అన్నం పెట్టండి. వీసా సంగతి మర్నాడు మాట్లాడుకోవచ్చు.

మన పిల్లలు ఎక్కడ చదివినా నిజమైన కాగితాలతో, కట్టగలిగిన అప్పుతో, తలెత్తుకుని చదవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాను.